మూడో స్తంభం దాకా

మాటపట్టు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ముందు ఆ ముక్క చెప్పేసి బయల్దేరతాను. కతోలిక మఠంలో చేరిన అమ్మాయి కొన్నేళ్ళ శిక్షణ అయ్యాక, ఇక జన్మంతా పేదరికంలో, పెళ్ళి లేకుండా, పెద్దల మాటకు లోబడి బతుకుతానని పీఠం ముందు నిలబడి అందరూ వింటుండగా మాటిస్తుంది. అంతకు ముందు కన్నవాళ్ళు ఆమెను గుడి గుమ్మం నుంచి పీఠం దాకా నడిపించుకెళ్ళి దేవుడికి అప్పగించాలి. ఇదంతా నేను వినడమే గానీ చూసి ఎరగను. మేం లూథరన్‌వాళ్ళం. మాలో మఠాలూ లేవు, మదర్లూ లేరు.

నన్ను పిలిచింది నిర్మల. గుంటూరులో నేను తెలుగు చెప్పే హైస్కూల్లో హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. తర్వాత పునీత ఫ్రాన్సిస్ పేరు మీద నడిచే మఠంలో చేరి, నర్సు చదువు కూడా పూర్తి చేసింది. వాళ్ళ ఊరి మాదిగపల్లె నుంచి మఠానికి వెళ్ళిన మొదటి ఆడపిల్ల తనే. మాటపట్టు మామూలుగా మఠంలోనే జరుగుతుందట. ఈ పిల్ల మాత్రం పట్టుబట్టి తన ఊరి గుడిలో పెట్టించుకుంది. స్టాఫ్ రూముకి వచ్చి, "నాన్న లేడు కదా టీచర్, అమ్మ ఒక్కతే నన్ను పీఠం దాకా తీసుకెళ్తుంది. మీరొచ్చి చూడాలి" అంది. అందులో నన్ను పిలిచి మరీ చూపించాల్సినంత విశేషం ఏముందో నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమై తిరిగొచ్చాక ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

సత్తెనపల్లిలో టీ

ఫిబ్రవరి నెల. మిరపకాయల రోజుల్లో పల్నాడు వైపు బస్సెక్కితే టిక్కెట్టుతో పాటు తుమ్ములు కూడా ఇస్తారు. బస్సు పైన మూటలు, లోపల మూటలు, నా కాళ్ళ దగ్గరొక మూట. సత్తెనపల్లి చేరేసరికి నా కళ్ళు రెండూ మందారాల్లా తయారయ్యాయి. తెలివితక్కువగా అదే చేత్తో కళ్ళు నులుముకున్నాను. బస్టాండులో ముఖం కడుక్కుని వచ్చి టీకొట్టు బల్ల మీద కూలబడితే, టీ తాగుతున్న ఒక రైతు నవ్వి, "చన్నీళ్ళు కొడితే ఇంకా మండుద్దండీ. కాసేపు చేతులు కట్టుకుని కూర్చోండి, అదే పోద్ది" అన్నాడు. అలాగే కూర్చున్నాను. అర్ధరూపాయి టీ అమృతంలా ఉంది. గుంటూరులో ముప్పావలా పెట్టినా ఆ రుచి రాదు.

ఆ రైతు పురుగుమందు కోసం వచ్చాడు. ఆ యేడు పత్తికి తెల్లదోమ పట్టి, కొట్టిన మందు పురుగు కన్నా మనిషికే ఎక్కువ ఎక్కుతోందని చెప్పుకొచ్చాడు. నేను ఏ ఊరు వెళ్తున్నదీ చెప్పేసరికి అతని ముఖం వెలిగింది.

"ఆ గుడి బలే గుడండీ! మాది రామాలయం గానీ మేరీమాత పండక్కి నేనూ పోతా. లోన జంపఖానా పరిచారంటే దొరలబంగళా లెక్కన ఉంటది. కాకపోతే ఆ ఊరి కిరస్తానీలు మాకంటే పట్టింపు మనుషులండీ. మా గుళ్ళో మేం చేసే పనే వాళ్ళ గుళ్ళో వాళ్ళూ చేస్తారు. ఇంకెందుకంట మతం మారటం?"

అతను వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. మా తాత మాలపల్లెలో పుట్టి, మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, ఉపదేశిగా ఊరూరా తిరిగి దేవుడి ముందు అందరూ ఒకటేనని చెప్పాడు. ఆయన మాట నమ్మి ఎంతమంది బాప్తిస్మం పొందారో! వాళ్ళందరి తరఫునా ఈ రైతు నన్ను ఓ టీకొట్లో నిలదీసినట్టయింది.

పల్లెలో అన్నమ్మ ఇల్లు

అక్కణ్ణించి ఇంకో బస్సు, ఆ పైన ఎద్దుబండి. బాటకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేలకి ఎర్ర దుప్పటి కప్పినట్టుంది. ఆడవాళ్ళు ముక్కుకి చెంగు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు.

నిర్మల తల్లి అన్నమ్మ కూడా అప్పుడే కల్లం నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, గొంతు మాత్రం పల్లె మొత్తానికి సరిపడా. నన్ను చూడగానే, "టీచరమ్మొచ్చింది! ఏమే, నులకమంచం వాల్చండే!" అని ఓ కేక పెట్టింది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం గరిటె నా చేతికిచ్చింది. మిరపకాయలు కోసీ ఏరీ ఆమె వేళ్ళు మండుతున్నాయి, ఆముదం రాసుకుంది. "నా చేత్తో పెడితే మీ నోరు కాలుద్దమ్మా, మీరే వడ్డించుకోండి" అంది. పెద్దకూరలో, అంటే గొడ్డుమాంసంలో, గోంగూర వేసి వండింది. మా ఇంట్లో గోంగూర వేయించి తర్వాత కలుపుతాం. ఇక్కడ పచ్చి ఆకే కూరతో పాటు ఉడకేస్తారు. పులుపు ముక్క లోపలి దాకా పడుతుంది. గుంటూరు వచ్చాక నేనూ అలాగే వండుతున్నాను.

నిర్మల గోధుమరంగు అంగీ వేసుకుని, నడుముకి మూడు ముళ్ళున్న తెల్లతాడు కట్టుకుని ఉంది. ఆ మూడు ముళ్ళూ మూడు మాటపట్లకి గుర్తులట. అన్నమ్మ దాన్ని పట్టుకుని చూపించి, "మా ఇంటా వంటా మూడు ముళ్ళు తనకి తనే వేసుకున్న పిల్ల ఇదొక్కతేనమ్మా" అని పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి కూతుర్ని అడిగింది. "కుడికాలు ముందెయ్యాలా, ఎడంకాలా?" పొద్దుట్నించి ఎన్నిసార్లు అడిగిందో, నిర్మల విసుక్కోకుండా, "ఏదైనా పర్లేదమ్మా, నడిస్తే చాలు" అంది.

అప్పుడు నిర్మల నాకు అసలు సంగతి చెప్పింది. ఆ గుడిలో పల్లెవాళ్ళెవరూ పీఠం దాకా మధ్యదారిన నడిచిన రోజు లేదు.

జంపఖానా

సాయంత్రం గుడికి వెళ్ళాం. టీకొట్టు రైతు చెప్పింది నిజమే, మంచి గుడి. ఎత్తైన స్తంభాలు, చల్లటి నల్లబండలు. పీఠం దగ్గర మొదలై నీలం, ఎరుపు చారల జంపఖానా ఒకటి మధ్యలోకంటా పరిచి ఉంది. మూడో స్తంభం దగ్గర అయిపోయింది. దాని మీద ఊరివాళ్ళు, అంటే భూములున్న కులాల కతోలికులు కూర్చుంటారు. అది అయిపోయాక బండల మీద పల్లెవాళ్ళు. గోడ లేదు, గేటు లేదు, బోర్డు లేదు. పసిపిల్లలు కూడా పాక్కుంటూ వచ్చి ఆ అంచు దగ్గర ఆగిపోతారట, తల్లులు కాలు పట్టి లాగీ లాగీ అలవాటైపోయి. సత్ప్రసాదం కూడా ముందు జంపఖానా వాళ్ళకి, తర్వాత బండల వాళ్ళకి.

మా గుంటూరు చర్చిలో బెంచీలుంటాయి, ముందొచ్చినవాళ్ళు ముందు కూర్చుంటారు. అట్లాగని మేమేదో పుణ్యాత్ములమని కాదు. పెళ్ళి సంబంధం దగ్గరికొచ్చేసరికి మాల ఇల్లా, మాదిగ ఇల్లా అని మాలోనూ ఆరా తీస్తారు. కానీ దేవుడి ముందు నేలని కొలిచి పంచుకోవడం నేనక్కడే చూశాను.

విచారణ గురువు, అందరూ ఫాదర్ గారు అనే కుర్రాయన, నన్ను మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ జంపఖానా మీద ఉంది. పక్క కుర్చీలో పెద్దశౌరి గారని ఊళ్ళో మోతుబరి. జంపఖానా వాళ్ళ నాన్న ఇచ్చిన కానుక. అంచున ఆయన పేరు నేయించారు కూడా. అన్నమ్మ కూలికి పోయేది కూడా ఈయన చేలోకే. ఆయన నా చీరా, కళ్ళజోడూ చూసి, గుంటూరు టీచరని విని, చాలా ఆదరంగా అడిగాడు.

"మీరేమిట్లండీ?"

మా జిల్లాల్లో కులం అడగడానికి ఉన్న మెత్తటి మాట అది.

"మాలలమండీ" అన్నాను, కొంచెం గట్టిగానే.

కాసేపటికి ఆయన తన కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. బండల మీద కుర్చీ లాగితే వచ్చే చప్పుడు ఉంటుందే, జంపఖానా ఉండబట్టి అది కూడా రాలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గుంటూరు నుంచి వచ్చిన మదర్, అంటే మఠం పెద్ద, అప్పుడు సంగతి తీసింది. అన్నమ్మ మధ్యదారిన రానక్కర్లేదు. పక్కన ఫాదర్ బట్టలు మార్చుకునే గదిలోంచి నేరుగా పీఠం పక్కకి రావచ్చు. జంపఖానా తొక్కక్కర్లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. "ఏ గుమ్మంలోంచి వచ్చినా దేవుడొకడే కదా" అంది.

ఫ్రాన్సిస్ గారి కథ నేనూ మా పిల్లలకి చెప్పినదాన్నే. పెద్ద బట్టల వ్యాపారి కొడుకు. ఒంటిమీద బట్టలు కూడా విప్పి తండ్రి ముందు పడేసి, కుష్ఠురోగిని కౌగలించుకున్న మనిషి. ఆయన పేరు పెట్టుకున్న మఠం ఒక జంపఖానాకి తలొంచి పక్కదారి వెతుకుతోంది! ఆ మాటే అనబోయాను గానీ, నిర్మల ముందే అందుకుంది.

"మా అమ్మ నన్ను దొడ్డిదారిన కన్నదా మదర్? ఈ గుడిలోంచి ఊరివాళ్ళ పిల్లలు ఇద్దరు మఠానికొచ్చారు. వాళ్ళ అమ్మానాన్నలు బ్యాండుమేళంతో మధ్యలోంచే నడిచారు. మా అమ్మా అట్లాగే నడుస్తది. లేదంటే నా మాటపట్టు ఆపేయండి. ఇంకో ఏడాది ఆగుతాను."

ఆమె గొంతు లేవలేదు. ఆపేయమంటే నిజంగానే ఆపేయగలరు, మళ్ళీ ఎన్నటికీ పిలవకుండానూ ఉండగలరు.

పెద్దశౌరి లేచాడు. "నడవనీండి ఫాదర్ గారూ, మేమేం వద్దన్లా. జంపఖానా మాది, మేం తీసుకుపోతాం. బండలు మాత్రం దేవుడియ్యే" అన్నాడు. పాలేళ్ళు వచ్చి దాన్ని చుట్టి బండిలో వేసుకుపోయారు. గండం గడిచిందని ఫాదర్ ఊపిరి పీల్చుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ పీల్చుకున్నాను.

మాటపట్టు

మర్నాడు పొద్దున పూజకి గంట కొట్టారు. లోపలికెళ్ళి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఊరివాళ్ళు ఒక్కరూ రాలేదు. పీఠం నుంచి మూడో స్తంభం దాకా ఖాళీ బండలు. మూడో స్తంభం అవతల పల్లె మొత్తం, పిల్లా పీచూ అంతా, మోకాళ్ళు మోకాళ్ళు రాసుకుంటూ ఇరుక్కుని కూర్చుని ఉంది. జంపఖానా లేదు. అయినా ఒక్కరు కూడా దాని అంచు దాటలేదు!

ఫాదర్ రెండుసార్లు ముందుకు రమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. నేను ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళి, "ముందుకి రండి తాతా, అంత చోటుంది" అన్నాను. "ఇక్కడ బానే ఉందమ్మా" అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. మరుక్షణం ఎవరి మీద కోప్పడాలో తెలియక ఏడుపొచ్చింది. రేపు పొద్దున వీళ్ళంతా మళ్ళీ ఆ ఊరివాళ్ళ చేలలోకే కూలికి పోవాలి.

పాట అందుకున్నారు. నిర్మల వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని, పక్కన అన్నమ్మ, గుమ్మంలోంచి బయల్దేరారు. అన్నమ్మ కొత్త నేతచీర కట్టింది. చెయ్యి కూతురి మోచేతి కింద వేసి తల ఎత్తుకునే నడిచింది. జనం దారిచ్చారు. మూడో స్తంభం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

పాట కూడా ఆగింది. నిర్మల తల్లిని లాగలేదు, తొందరపెట్టలేదు. పక్కనే నిలబడింది. మదర్ పీఠం దగ్గర్నుంచి, నువ్వొక్కదానివీ వచ్చెయ్యమని నిర్మలకి చెయ్యి ఊపింది. నిర్మల చూసి కూడా కదల్లేదు. కొవ్వొత్తి మైనం కారి వేళ్ళ మీద పడుతోంది.

అప్పుడు వెనక గుమ్మం దగ్గర్నుంచి గొంతొకటి వినిపించింది. పెద్దశౌరి! లోపలికి రాకుండా, గడప అవతల నిలబడి చూస్తున్నాడు.

"చూశారా ఫాదర్ గారూ? మేం లేం, మా జంపఖానా లేదు. ఇప్పుడెవరాపారంట?"

ఆ మాటలో ఎంత ఆనందముందో చెప్పలేను. నా చెప్పు తెగేదాకా కొట్టాలనిపించింది. దేవుడి గుడి కాబట్టి సరిపోయింది.

అన్నమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఎవరాపారో తమకి తెలవదా అయ్యా? పుట్టిన కాణ్ణించి ఆగతా వచ్చిన కాళ్ళండి ఇయ్యి. ఒక్క పూటలో ఎట్టా నడుస్తయ్?" అని, వంగి తన మోకాలి మీద అరచేత్తో ఫెడీమని కొట్టుకుంది. "నడవ్వే!" అంది కాలితో.

నడిచింది. కుడికాలో ఎడంకాలో నేను చూడలేదు, నా కళ్ళు మసకేశాయి. పీఠం దాకా నడిచి, కూతుర్ని అప్పగించి, తిరిగి వెనక్కి రాలేదు. ఉన్నచోటే, ఊరిపెద్దలు కూర్చునే చోటే చతికిలబడి, కాళ్ళు బారజాపుకుని, వెనక్కి కేకేసింది.

"ఒరేయ్ యేసోబూ! ఏరా, ఇంకా ఆడే కూర్చున్నావా? రండ్రా! బండలు ఈడ కూడా సల్లగానే ఉన్నయ్!"

ముందు యేసోబు లేచాడు, ఆమె తమ్ముడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. తర్వాత ఆ ముసలాయన, కర్ర పొడుచుకుంటూ. ఆ తర్వాత ఎవరు లేచారో చెప్పలేను. నేనూ వాళ్ళ మధ్య కింద కూర్చున్నాను. గడప దగ్గర చూస్తే పెద్దశౌరి లేడు.

నిర్మల పీఠం ముందు బోర్లా పడుకుంటే పునీతులందరి పేర్లూ చదివారు. లేచి మూడు మాటలూ ఇచ్చింది. పేదరికం మాట వినగానే నా వెనక ఎవరో, "అది మనకి కొత్తేముందిలే" అన్నారు. కిసుక్కున నవ్వులు. విధేయత మాట దగ్గర మాత్రం అంతా నిశ్శబ్దంగా ఉన్నారు.

బస్సు రాకముందు

మూడో రోజు పొద్దున నా తిరుగు ప్రయాణం. నిర్మల మాత్రం అక్కడే ఉండిపోవాలి. పక్క ఊరి మఠం ఆసుపత్రిలో నర్సుగా వేస్తామని మాటిచ్చారు. రోజూ తల్లిని చూడొచ్చు, పల్లెలో పురుగుమందు ఎక్కి పడిపోయే కూలీలకి చేతిసాయంగా ఉండొచ్చు. ఆ పిల్ల నర్సు చదివిందే అందుకు.

బస్సు ఆగే చోటికి చేరేసరికి నిర్మల ట్రంకుపెట్టెతో నిలబడి ఉంది. పక్కన మదర్. పెద్దశౌరి ఇంట్లో భోజనం చేసి వచ్చిందట, రాత్రి. మార్కాపురం అవతల అడవి పక్క ఊరికి నిర్మలని వేశారు. ఆ రోజే బయల్దేరాలి. ఇక్కడికి రెండు మూడేళ్ళ దాకా రాకూడదు.

"ఇదేం న్యాయం?" అన్నాను. "నిన్న మాటిచ్చింది, ఇవాళ ఆ మాటే మెడకి కట్టి తరిమేస్తున్నారా? గుడికి రానన్నవాణ్ణి ఏమీ అనలేదు, తల్లి గుళ్ళో ముందు కూర్చున్నందుకు దీనికా శిక్ష?"

"ఇది శిక్ష కాదు టీచర్ గారూ. ఊళ్ళో శాంతి ఉండాలి కదా. మీకు విధేయత సంగతి తెలియదు" అంది మదర్, కోపం లేకుండానే. ఆ శాంతం చూస్తే నాకు ఇంకా మండింది.

"నాకు తెలిసింది చెబుతాను. ఫ్రాన్సిస్ గారు ఇప్పుడొచ్చినా మీరు ఆయన్నీ మార్కాపురం పంపిస్తారు" అన్నాను.

నిర్మల నా చెయ్యి పట్టుకుని, "వెళ్తాను టీచర్. మాటిచ్చాను కదా" అంది. ముఖం పాలిపోయింది గానీ మాట తడబడలేదు. ఆ పిల్ల మాటిచ్చింది దేవుడికి. దాన్ని వాడుకుంటున్నది ఎవరు? అడిగితే మదర్ దగ్గర మళ్ళీ ఏదో మెత్తటి జవాబు ఉంటుందని ఊరుకున్నాను.

అన్నమ్మ అప్పటిదాకా ట్రంకుపెట్టె మీద కూర్చుని నేల చూస్తోంది. ఆ పూట కల్లానికి రావద్దని పెద్దశౌరి కబురు పంపాడట. బస్సు దుమ్ము కనపడేసరికి లేచి, కూతురి నడుముకున్న తాడు సర్ది, ముళ్ళు మూడూ వేళ్ళతో తడిమింది. తర్వాత మదర్ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఇది మీ మాట ఇనాలమ్మా. ఒట్టేసింది, ఇంటది. తీసుకుపోండి" అంది. "నేనెవరికీ ఒట్టెయ్యలా. వచ్చే ఆదివారం కూడా నేను ముందే కూర్చుంటా."